ఫాంటు నమూనాకి ఏ మాటలు పెట్టాలి?

కొన్నేళ్ళ కిందట ఒక తెలుగు ఫాంటుకి నమూనా కాగితం చేసిపెట్టే పని నా మీద పడింది. మంచి పద్యం ఒకటి తీసుకున్నాను. పెద్ద అక్షరాల్లో పేజీ మధ్యకి సర్ది, చుట్టూ బోలెడంత ఖాళీ వదిలాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు, పద్యాన్ని. ఇద్దరైతే రాగం తీసి చదివారు కూడా. ఫాంటు గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. తీరా అది ఒక చిన్న పత్రిక లోపలి పేజీల్లోకి వెళ్ళాక బండారం బయటపడింది. ‘రాష్ట్రం’లో ట వత్తూ ర వత్తూ ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. ‘డ్రైవర్’లో ఐత్వం కింది ముక్క ర వత్తులో కలిసిపోయి ఏదో కొత్త అక్షరంలా తయారైంది. పద్యంలో ఆ రెండు మాటలూ లేవు మరి.

తప్పు ఫాంటుదే, కాదనను. కానీ దాన్ని ముందే పట్టివ్వాల్సిన కాగితం నేను చేసింది. అప్పటినుంచి నమూనా పాఠాన్ని అలంకారంగా చూడటం మానేశాను. ఫాంటుని మనం అడిగే ప్రశ్న అది. మెత్తటి ప్రశ్న వేస్తే మెత్తటి జవాబే వస్తుంది. నేను పాటించే పద్ధతి వరసగా చెప్తాను. ఉదాహరణలు ఎక్కువగా తెలుగువే, అక్కడక్కడ ఇంగ్లీషు, లాటిన్.

1. ముందు ప్రశ్న రాసుకోండి

పాఠం వెతకబోయే ముందు ఒక చీటీ మీద ఒక్క వాక్యం రాసుకోండి: ఈ కాగితం చూసే మనిషి ఏం తేల్చుకోవాలి? ‘నాలుగు వందల పేజీల నవల ఈ ఫాంటులో వేస్తే కళ్ళు లాగుతాయా?’ అన్నది ఒక ప్రశ్న. ‘ఫోన్ తెర మీద చిన్న బటన్‌లో పొల్లు కనిపిస్తుందా?’ అన్నది ఇంకొకటి. ‘పోస్టర్ మీద పెడితే రోడ్డు అవతలివాడు ఆగి చూస్తాడా?’ మరొకటి. మూడింటికీ ఒకే పేరాతో జవాబు రాదు.

నేను మూడు పాఠాలు విడివిడిగా పెట్టుకుంటాను. మొదటిది పరీక్ష పాఠం. ఇది గీసినవాళ్ళకీ, ఎంచుకునేవాళ్ళకీ మాత్రమే. అందం అక్కర్లేదు, అర్థమూ అక్కర్లేదు, ఫాంటుని ఇరుకున పెడితే చాలు. రెండోది వాడుక పాఠం: ఆ ఫాంటు రేపు నిజంగా మోయబోయే మాటలు. మూడోది ప్రదర్శన పాఠం, నలుగురికీ చూపించేది. చాలామంది నేరుగా మూడోదాని మీదికి దూకుతారు. నా పద్యం కథ అదే. మొదటి రెండూ దాటకుండా మూడోదాన్ని ముట్టుకోకండి.

2. రెడీమేడ్ పాఠాల గుణదోషాలు తెలుసుకోండి

ఇప్పటిదాకా దొరికిన అచ్చు నమూనా కాగితాల్లో అన్నిటికంటే పాతది 1486 నాటిది. ఎర్హార్డ్ రాట్‌డోల్ట్ అనే ముద్రాపకుడిది. అందులో మొదటి మాటలు క్రైస్తవ ప్రార్థన ‘ఆవె మరియా’. చూసేవాళ్ళకి కంఠతా వచ్చిన మాటలు పెడితే వాళ్ళు చదవడం మానేసి అక్షరాన్ని చూస్తారు, ఆ తెలివి అప్పుడే ఉందన్నమాట.

1734లో లండన్‌లో అచ్చు అక్షరాలు పోత పోసే విలియం క్యాస్లన్ వేసిన నమూనా కాగితం ఇంకో దారి తొక్కింది. క్రీ.పూ. 63లో రోమన్ వక్త సిసిరో కుట్రదారు కాటిలీనా మీద విరుచుకుపడుతూ చేసిన ప్రసంగం తొలి వాక్యం తీసుకుంది. ఆ వాక్యం క్యూ అక్షరంతో మొదలవుతుంది. తర్వాత వచ్చిన ఫౌండ్రీలు (అచ్చు అక్షరాలు పోత పోసే కార్ఖానాలు) చాలావరకు అదే వాక్యాన్ని అందుకున్నాయి. అందరి నమూనాలోనూ మొట్టమొదటి పెద్దక్షరం క్యూయే అయ్యేసరికి, దాని తోకని పొడుగ్గా, వయ్యారంగా గీయడం అలవాటైపోయిందని ముద్రణ చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. ఇంగ్లీషులో క్యూ వచ్చేదే అరుదు. ఐనా ముద్దంతా దానికే దక్కింది. నమూనా పాఠం ఫాంటుని చూపించడమే కాదు, వెనక్కి తిరిగి ఫాంటునే మార్చేస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

లాటిన్ మాటలతో ఇంకో చిక్కుంది. అందులో కె, డబ్ల్యూ దాదాపు కనిపించవు. వై గ్రీకు నుంచి వచ్చిన మాటల్లోనే ఉంటుంది. పైకీ కిందికీ పొడుచుకొచ్చే గీతలు తక్కువ కాబట్టి లాటిన్ వరుస దువ్విన తలలా నున్నగా ఉంటుంది. అదే ఫాంటులో ఇంగ్లీషు వేస్తే ఆ నునుపు ఉండదు.

అసలు మాటలు వచ్చేదాకా పేజీలో జాగా నింపడానికి పెట్టే ‘లోరెమ్ ఇప్సమ్’ చాలామందికి తెలిసిందే. క్రీ.పూ. 45లో సిసిరో రాసిన తత్త్వగ్రంథం నుంచి ముక్కలు ముక్కలుగా కోసిన పాఠం అది. ‘డొలోరెమ్’ అన్న మాట నడుముకి తెగి ‘లోరెమ్’ అయింది. 1960లలో లెట్రాసెట్ అంటింపు అక్షరాల కాగితాలతో వ్యాపించింది, 1980లలో పేజీలు పేర్చే ఆల్డస్ పేజ్‌మేకర్ ప్రోగ్రాంతో కంప్యూటర్లలోకి వచ్చింది. పేజీలో బొమ్మ ఎక్కడ, మాటలు ఎక్కడ అని లెక్క చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. ఫాంటు చూపించడానికి మాత్రం పనికిరాదు. అందరూ వాడే ఆ పేరాలో జె, కె, డబ్ల్యూ, వై, జడ్ అక్షరాలు ఒక్కసారి కూడా రావు. కావాలంటే లెక్కపెట్టి చూడండి.

ఇక నక్క, కుక్క. ‘ద క్విక్ బ్రౌన్ ఫాక్స్ జంప్స్ ఓవర్ ద లేజీ డాగ్’లో 35 అక్షరాలున్నాయి, 26 ఇంగ్లీషు అక్షరాలూ అందులో వచ్చేస్తాయి. ఏ అక్షరమైనా ఫాంటులో లేకుండా పోయిందా అని చూసుకోవడానికి బాగుంటుంది. కానీ ఒకే అక్షరం పక్కపక్కన రెండుసార్లు వచ్చే చోటు ఆ వాక్యంలో ఒక్కటీ లేదు. పెద్దక్షరం మొదట్లో ఒక్కటే. మామూలు రాతలో ఎప్పుడో కాని తగలని క్యూ, ఎక్స్, జడ్ ఇక్కడ మిగతావాటితో సమానంగా కూర్చుంటాయి. ఊరంతటినీ ఒకే ఫొటోలో నిలబెట్టినట్టు ఉంటుంది, ఆ ఊళ్ళో రోజు ఎలా గడుస్తుందో తెలియదు.

ఫాంట్లు గీసేవాళ్ళలో ‘హాంబుర్గెఫాంట్స్’ అనే అర్థంలేని మాట ఒకటి ప్రచారంలో ఉంది. నిలువు గీతలు, గుండ్రాలు, రెండూ కలిసే చోట్లు, పైకీ కిందికీ వెళ్ళే తోకలు అన్నీ కొద్ది అక్షరాల్లో దొరుకుతాయని దాన్ని వాడతారు. గీయడం మొదలుపెట్టిన తొలి వారంలో పనికొచ్చే మాట అది. తెలుగులో అలాంటి పనికి నేను ‘కలగాపులగం’ వాడతాను. తలకట్టు, దీర్ఘం, కింది నుంచి వచ్చే కొమ్ము, సున్న అన్నీ అయిదారు అక్షరాల్లో వస్తాయి. అర్థం కూడా సమయానికి తగ్గట్టే ఉంటుంది.

3. అక్షరమాల కాదు, అతుకులు వెతకండి

తెలుగులో అన్ని అక్షరాలూ వచ్చేలా ఒక వాక్యం కట్టాలని చూడొచ్చు. కష్టపడి కట్టినా ఒరిగేదేమీ లేదు. ఎందుకో ఒక లెక్క చూద్దాం. హల్లులు 35 అనుకుందాం. ఒక్కోదానికి 35 వత్తులు తగిలిస్తే 1,225 జంటలు. ఒక్కో జంటకీ డజను గుణింతాలు చేరిస్తే 14,700. రెండేసి వత్తులు వచ్చేవి ఇంకా కలపనే లేదు. వీటిలో నిజంగా వాడేవి కొద్దివే, ఐనా ఆ కొద్దీ ఏ ఒక్క వాక్యంలోనూ ఇమడవు. తెలుగు ఫాంటు తప్పటడుగు వేసేది విడి అక్షరం దగ్గర కాదు, అక్షరానికి ఇంకోటి అతుక్కునే చోట. కాబట్టి పరీక్ష పాఠంలో అతుకుల్ని రకాలవారీగా పేర్చుకోవాలి.

రెండు వత్తులు ఒకే అక్షరం కింద చేరే మాటలు: రాష్ట్రం, స్త్రీ, వస్త్రం, స్వాతంత్ర్యం, సామర్థ్యం, వైశిష్ట్యం, లక్ష్మి, తీక్ష్ణం, ఉచ్ఛ్వాసం. కొన్ని ఫాంట్లు రెండో వత్తుని మొదటిదాని పక్కన పెడతాయి, కొన్ని కిందికి దించుతాయి. రెండూ తప్పు కాదు. ఒకే ఫాంటులో ఒక మాటకి అలా, ఇంకో మాటకి ఇలా చేస్తే అనుమానించాలి.

ఐత్వం మీద ప్రత్యేకంగా కన్నేయండి. దానికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. కింద అప్పటికే వత్తు ఉంటే జాగా కోసం తగువే. త్రైమాసికం, ద్వైతం, స్త్రైణం లాంటివి పాత పుస్తకాల్లోనే అనుకునేరు. ప్రైవేటు, ట్రైనింగ్, డ్రైవర్, ఫ్లైఓవర్, క్లైమాక్స్ రోజూ రాసే మాటలే. నా పద్యం దాచిపెట్టింది ఈ తగువునే.

ర వత్తు చాలా ఫాంట్లలో అక్షరాన్ని ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది. ముందున్న అక్షరానికి కూడా కింద వత్తు ఉంటే రెండూ ఢీకొంటాయి. దీనికి ‘విశ్వప్రయత్నం’ అచ్చంగా సరిపోయే మాట. శ కింద వ వత్తు, వెంటనే ప్ర. దాని పక్కనే ‘దుష్ప్రచారం’ కూడా వేసి చూడండి.

తెలుగు గుణింతంలో మొండి అక్షరాలు కొన్నున్నాయి, వాటికి వాటి సొంత పద్ధతి. ప, ఫ, వలకి కొమ్ము కింది నుంచి తగులుతుంది: పువ్వు, పూట, ఫుట్‌బాల్. మ, య, ఘలకి ఒత్వం మిగతావాటిలా ఉండదు: మొగ్గ, మోపు, యోగం, ఘోష. హకి దీర్ఘం వేరుగా పడుతుంది: హాహాకారం. ఒక పద్ధతి గీసి అన్నిటికీ అంటించేసిన ఫాంటు ఇక్కడ దొరికిపోతుంది.

అరువు మాటల్లో పొల్లు విడిగా నిలబడాల్సిన చోట్లు ఉంటాయి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయడానికి ట పొల్లు తర్వాత కనిపించని ఒక యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపులకీ ఉమ్మడిగా వాడే అక్షర సంకేతాల పట్టిక) గుర్తు పెట్టాలి. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది, వ వెళ్ళి ట కింద దూరుతుంది. రెండు రూపాలూ పక్కపక్కన వేసి చూడండి. ఆ కనిపించని గుర్తు దగ్గర కొన్ని ఫాంట్లు చిన్న ఖాళీ వదిలేస్తాయి, కొన్ని ఏకంగా డబ్బా గీస్తాయి.

పాత గ్రంథాలకి కూడా పనికొస్తుందని చెప్పుకునే ఫాంటైతే బండి ఱ, అరసున్న, దంత్య చ, జలు (ౘ, ౙ), ౠ, తెలుగు అంకెలు కూడా అడగండి. ౘ, ౙలు యూనికోడ్‌లోకి వచ్చింది 2008లో, పాత శాసనాల్లో కనిపించే ఴ వచ్చింది 2014లో. అంతకుముందు తయారై ఆ తర్వాత ఎవరూ ముట్టుకోని ఫాంటులో అవి ఉండవు. నవలకి ఇవేవీ అక్కర్లేదు. లేనివాటిని వెతికి ఫాంటుని తిట్టనవసరమూ లేదు.

4. కవలల్ని విడదీసి చూడండి

తెలుగులో పోలికలున్న అక్షరాలు బోలెడు. ప, వ, స, ష ఒక కుటుంబం. ద, ధ, థ ఇంకో కుటుంబం. చ, ఛలకీ బ, భలకీ తేడా కింది చిన్న గీతే. ర, ఠ, సున్న దూరపు చుట్టాలు. వీటిని వరసగా పేర్చి చూస్తే అన్నీ వేరువేరుగానే కనిపిస్తాయి, ఎందుకంటే అవి వేరని మీకు ముందే తెలుసు. మాటల్లో పెట్టండి, అదీ రెండింటికీ అర్థం ఉండే జంటల్లో.

వుంది, మంది.
సారం, వారం.
సరుగు, పరుగు.
మెడ, మేడ.
నెల, నేల.
కొన, కోన.

మొదటి జంట మీద నాకు ప్రత్యేక అభిమానం. చిన్న సైజులో, సన్నటి బరువులో (బరువంటే గీత మందం) ‘వుంది’ని ‘మంది’గా చదివించే ఫాంట్లు కనీసం నాలుగైదు చూశాను. ‘నెల, నేల’ జంటలో దీర్ఘం కొస ఎంత స్పష్టంగా పైకి లేస్తుందో తెలుస్తుంది. ఈ జంటల్ని మీరు కాదు, తయారీతో సంబంధం లేని మనిషి చదవాలి. చదివిస్తూ మొహం చూడండి. కనుబొమ్మలు ముడిపడిన చోట గుర్తు పెట్టుకోండి.

ఇంగ్లీషు అక్షరాలకీ ఇలాంటివే ఉన్నాయి. చిన్న ఆర్ పక్కన ఎన్ వస్తే ఎమ్ లాగా కలిసిపోతుంది. పెద్ద ఐ, చిన్న ఎల్, అంకె ఒకటి కొన్ని ఫాంట్లలో ఒకే కర్ర. పాస్‌వర్డ్ చూపించాల్సిన తెరకి ఆ ఫాంటు వాడితే వాడేవాళ్ళకి టెన్షన్ తప్పదు.

5. కింది వరుసా, పై వరుసా పోట్లాడుకుంటాయా?

ఒకే వరుసలో వేసిన నమూనా తెలుగు ఫాంటు గురించి సగం నిజమే చెప్తుంది. పై వరుసలో వత్తులు దిగుతాయి, కింది వరుసలో గుడి దీర్ఘాలు లేస్తాయి. మధ్యలో ఏం జరుగుతుందో చూడాలంటే ఆ రెండూ ఎదురుపడేలా పేర్చాలి:

వస్త్రం శాస్త్రం రాష్ట్రం ఉష్ట్రం
చీటీ పోటీ లాఠీ ధాటీ

ఈ రెండు వరుసల్నీ ఆరేడుసార్లు పైనా కిందా వేయండి. ఫాంటులో ముందే పెట్టిన వరుసల దూరంతో ఒకసారి, మీరు నిజంగా వాడబోయే దూరంతో ఇంకోసారి. ఢీకొట్టకూడదని వరుసల మధ్య మరీ ఎక్కువ ఖాళీ వదిలిన ఫాంటులో పేజీ పలచబడుతుంది, పది వాక్యాలకే పేజీ నిండిపోతుంది. మరీ బిగిస్తే వత్తులు తెగిపోయినట్టు కనిపిస్తాయి. కొన్ని యాప్‌లలో నిజంగానే తెగిపోతాయి, బటన్ డబ్బా అంచు దగ్గర ర వత్తు సగానికి కత్తిరించుకుపోతుంది.

6. పేజీ నలుపు చూడండి

ఇక్కడ కాస్త నిదానించాలి, ఎందుకంటే అందరూ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. కళ్ళు సగం మూసి చూస్తే పేరా మొత్తం ఒక బూడిదరంగు పలకలా కనిపించాలి. నల్ల మచ్చలు, తెల్ల చారలు ఉండకూడదు. ఐతే ఆ నలుపు ఫాంటు వల్ల ఎంత, మాటల వల్ల ఎంత? తెలుగులో మాటల వాటా చాలా ఎక్కువ. దాదాపు ఒకే అర్థాన్ని మూడు రకాలుగా రాసి చూడండి:

నెలవంక వెలుగులో ఇల్లు తెల్లగా మెరుస్తోంది.
చంద్రరేఖ కాంతిలో గృహం శ్వేతవర్ణంతో ప్రకాశిస్తోంది.
స్ట్రీట్‌లైట్ ఫోకస్‌లో ఫ్లాట్ బ్రైట్‌గా కనిపిస్తోంది.

మొదటి వాక్యం గాలాడుతున్నట్టు ఉంటుంది. రెండోది కిందివైపు బరువెక్కుతుంది, అయిదు వత్తులూ ఒక వట్రుసుడీ. మూడోదాని రూపమే వేరు. పొల్లులే అయిదు, పైవైపు పళ్ళు మొలిచినట్టు ఉంటుంది. అచ్చ తెలుగు మాటలతో నమూనా వేస్తే ఏ ఫాంటైనా తేలిగ్గా, ముచ్చటగా కనిపిస్తుంది. సంస్కృత సమాసాలు వేస్తే ఏ ఫాంటైనా గంభీరంగా కనిపిస్తుంది. చూసేవాడు ఆ గుణం ఫాంటుదనుకుంటాడు.

అందుకే పేరాలో మూడు పాళ్ళూ ఉండాలి, అదీ మీరు వాడబోయే రాతలో ఉన్నంత మేరకే. ఈ రోజుల్లో మూడో రకం మాటలు లేని తెలుగు పేరా దొరకడమే కష్టం. నమూనా పుస్తకాల్లో మాత్రం అవి కనిపించవు, ఏదో మైల పడుతుందన్నట్టు. పొల్లు మీద పెట్టాల్సినంత శ్రద్ధ పెట్టని ఫాంట్లు ఇన్ని రావడానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

పొడుగు మాటల్ని మరవకండి. తెలుగు మాటని ఎంతైనా సాగదీయొచ్చు: మాట్లాడుకుంటున్నారనుకున్నాను, వెళ్ళిపోవాల్సివచ్చిందంటున్నారు. రెండు అంచులూ సమంగా వచ్చేలా ఇరుకు కాలమ్‌లో పేర్చినప్పుడు ఇలాంటి మాట ఒకటి కింది వరుసకి జారితే పై వరుసలో పెద్ద గండి పడుతుంది. కాలమ్‌లో వాడే ఫాంటుకి నమూనా కూడా ఆ వెడల్పు కాలమ్‌లోనే వేయాలి.

7. వాడే చోటినుంచే మాటలు తెచ్చుకోండి

యాప్ కోసమైతే ‘సరే’, ‘వెనక్కి’, ‘మళ్ళీ ప్రయత్నించండి’, ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా?’ అనే మాటలే నమూనా. సబ్‌టైటిల్స్‌కైతే రెండు వరుసల సంభాషణ, కదిలే బొమ్మ మీద. పిల్లల పుస్తకమైతే పెద్ద సైజులో చిన్న వాక్యాలు. నిఘంటువైతే ఒకే పేజీలో మూడు బరువులు, పొట్టి రూపాలు, కుండలీకరణాలు. పద్యాల పుస్తకానికైతే పద్యమే పెట్టుకోండి, అక్కడ దానికి హక్కుంది.

ఈ వాడుక పాఠంలో నేను ఒక నియమం పెట్టుకున్నాను. కనీసం ఒక్క పేరా నేను ఏరుకోనిది ఉండాలి. రాతప్రతి తీసుకుని మూడో పేజీ, అయిదో పేరా అని ముందే అనేసుకుంటాను. ఏది వస్తే అది. మనం ఏరితే కళ్ళకి తెలియకుండానే బాగా కనిపించే మాటల్నే ఏరతాం.

పలు లిపుల ఫాంటైతే ఒకే విషయాన్ని అన్ని భాషల్లో చూపించే పాఠం కావాలి. చాలామంది 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటన వాడతారు. 500 పైగా భాషల్లో దొరుకుతుంది, పోల్చి చూడటానికి వీలు. కాకపోతే అది చట్టం భాష. తెలుగులో సంస్కృత పదాలు నిండిపోయి పేజీ ఉన్నదానికన్నా నల్లగా కనిపిస్తుంది. పక్కన ఒక మామూలు పేరా కూడా ఉంచండి. లాటిన్ లిపి వైపు వియత్నామీ, పోలిష్, చెక్ మాటలు కొన్ని వేయండి. అక్షరం నెత్తిన రెండేసి గుర్తులు మోయగలదా లేదా అని వియత్నామీ ఇట్టే చెప్పేస్తుంది.

8. అంకెలు, గుర్తులు, పక్కింటి లిపి

తెలుగు పేరా మధ్యలో 2019 అని వస్తే ఆ అంకెలు అక్షరాలకన్నా అరచెయ్యి ఎత్తు లేచి కనిపించే ఫాంట్లు చాలా ఉన్నాయి. వేరే చోటినుంచి తెచ్చి అంటించినవి కాబట్టి గీత మందం కూడా కలవదు. తేదీ, ఫోన్ నంబర్ పొడుగున్న అంకెల వరుస, దశాంశం, శాతం గుర్తు, కొటేషన్లు, చుక్కల వరుస, రూపాయి, డాలర్, యూరో గుర్తులు అన్నీ ఒక్క వాక్యంలో ఇరికించొచ్చు. రూపాయి గుర్తు యూనికోడ్‌లోకి వచ్చింది 2010లో. అంతకన్నా పాత ఫాంటులో దాని బదులు ఖాళీ డబ్బా రావచ్చు.

సున్న దగ్గర ఒక తమాషా ఉంది. తెలుగు అంకె సున్నా (౦), పూర్ణానుస్వారం (ం), ఇంగ్లీషు అంకె 0 మూడూ గుండ్రాలే. పక్కపక్కన వేసి తేడా ఉందా చూడండి. వెతుకులాటలో మాట దొరక్కపోవడానికి ఒక్కోసారి కారణం, ఎవరో అనుస్వారం బదులు అంకె కొట్టడమే.

9. అర్థం ఎంత ఉండాలి?

అర్థం మరీ రుచిగా ఉంటే చదివేస్తారు, అక్షరం చూడరు. అసలు లేకపోతే చదవనే చదవరు, అప్పుడు ఆ ఫాంటు చదవడానికి హాయిగా ఉందో లేదో తేలదు. మధ్యస్థంగా ఉండాలి. ఇటలీ ముద్రాపకుడు జాంబాత్తిస్తా బొదోనీ 1788 నమూనా పుస్తకంలో ఒక్కో నమూనాకి ఒక్కో ఊరి గురించి రాశాడు. చదవొచ్చు, చదవకపోయినా నష్టం లేదు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఫిలడెల్ఫియా ఫౌండ్రీకి చెందిన థామస్ మెకెల్లర్ దీనికి పూర్తిగా ఎదురు. నమూనా పుస్తకాల్ని చతుర్లతో నింపేశాడు. పోస్టర్ అక్షరాలకి ఆ చమత్కారం చెల్లింది, ఎందుకంటే అవి ఉన్నదే దృష్టి లాగడానికి.

మహనీయుల సూక్తులు వద్దు. గోడమీద క్యాలెండర్‌లా ఐపోతుంది. ఇష్టమైన పాటలూ, ఈ కాలపు కవితలూ వాడాలంటే రాసినవాళ్ళ అనుమతి కావాలి. ఆ తలనొప్పికన్నా మీరే నాలుగు వాక్యాలు రాసుకోవడం సులువు. పెద్ద అక్షరాల్లో మాట వరుస చివర విరిగితే మిగిలిన ముక్క ఇంకేదైనా అర్థం ఇస్తోందా అని కూడా చూసుకోండి. నవ్వులపాలైనవాళ్ళున్నారు.

10. వేసి, తిప్పి, చదివించి చూడండి

పోల్చేటప్పుడు పాఠం మారకూడదు. మూడు ఫాంట్లకి మూడు వేరు మాటలు వేస్తే మీరు పోల్చేది మాటల్ని. పాయింట్ల సైజుని మాత్రం నమ్మకండి. ఒకే 12 పాయింట్లలో ఒక తెలుగు ఫాంటు ఆవగింజంత, ఇంకొకటి గురివింద గింజంత ఉంటుంది. ‘కలగాపులగం’ ఎత్తు కంటికి సమానమయ్యేదాకా ఒకదాన్ని పెంచి, ఆ తర్వాత పోల్చండి.

తెర మీద చూసి సరిపెట్టుకోకుండా కాగితం మీద అచ్చు తీయండి. తలకిందులుగా తిప్పండి. చదవడం ఆగిపోయి మచ్చలూ ఖాళీలూ కనిపిస్తాయి. తర్వాత ఎవరిచేతనైనా పైకి చదివించండి, తడబడిన చోట గీత పెట్టండి.

పాఠాన్ని యూనికోడ్‌లో మామూలు టెక్స్ట్ ఫైలుగా దాచుకోండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన పాఠాన్ని మార్చి వాడితే వత్తులూ పొల్లులూ తారుమారై ఉంటాయి, ఆ నిందంతా పాపం కొత్త ఫాంటు మీద పడుతుంది. ఒక చోటినుంచి ఇంకో చోటికి కాపీ చేసేటప్పుడు ‘సాఫ్ట్‌వేర్’లో కనిపించని గుర్తు రాలిపోతుందేమో కూడా ఒకసారి చూసుకోవాలి.

నేను ఇప్పుడు వాడుతున్న పేరా ఇది. నచ్చితే తీసుకోండి, మార్చుకోండి:

వాన వెలిసింది. కిటికీ అద్దం మీద నీటిబొట్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ జారుతున్నాయి. ‘9.45 బస్సు వెళ్ళిపోయిందా?’ అని పై అంతస్తు నుంచి అక్క అడిగింది. డ్రైవర్ ఫోన్ స్విచాఫ్. విశ్వప్రయత్నం చేసినా టికెట్ క్యాన్సిల్ కావట్లేదు. వెబ్‌సైట్‌లో ఎర్రటి గుండ్రం ఒకటి అలా తిరుగుతూనే ఉంది. ఇంత ఆలస్యమవుతుందనుకోలేదు. శాస్త్రానికి గొడుగు పట్టుకుని గుమ్మందాకా వెళ్ళి, మెట్ల మీదే కూర్చున్నాను. మొక్కల కుండీల్లో పువ్వులు తల వంచుకున్నాయి. హాయిగా ఉంది, నిజానికి.

ఐత్వంతో ర వత్తు, పక్కపక్కనే వత్తులున్న రెండు అక్షరాలు, పొల్లు విడిగా నిలబడే మాట, మొండి గుణింతాలు, అంకెలు, కొటేషన్లు, ఒక పొడుగు మాట ఇందులో ఉన్నాయి. ఝ, ఢ లాంటివి లేవు. వాటిని విడి మాటల జాబితాలో పెట్టుకున్నాను, వెలిసిన వానలోకి ‘ఝంఝామారుతం’ తేవడానికి మనసొప్పలేదు.